ఇంటి జమాఖర్చులో దేశ ఆర్థిక వ్యవస్థను చదవడం ఎలా? విశాఖపట్నంలో చేసి చూడదగిన ఒక పద్ధతి

దేశ ఆర్థిక వ్యవస్థ మనుషుల బాగోగులను ఎలా మారుస్తుంది, అదే ఊళ్లో ఒకరిని మేడ ఎక్కించి మరొకరిని మెట్ల దగ్గరే ఎందుకు నిలబెడుతుంది అనే ప్రశ్న వచ్చినప్పుడు మనం సాధారణంగా బడ్జెట్ ప్రసంగం దగ్గర మొదలుపెడతాం. అక్కడ దొరికేవి ఎక్కువగా సగటు లెక్కలు, వాటిలో మనిషి కనపడడు. అందుకే ఈ వ్యాసంలో దారి మార్చి, ఇంటి నుంచి మొదలుపెట్టి దేశం దాకా వెళ్లే పద్ధతిని వివరిస్తాను. దీనికి కావలసినవి ఒక పొడవాటి లెక్కల పుస్తకం, మూడు నాలుగు నెలల వ్యవధి, నాలుగైదు కుటుంబాల నమ్మకం మాత్రమే. డిగ్రీ విద్యార్థులు, కార్మిక సంఘాల్లో పనిచేసేవారు, కాలనీ సంక్షేమ సంఘాలవారు ఎవరైనా చేయవచ్చు. అర్థశాస్త్రం చదివి ఉండనక్కరలేదు, కూడికలు వస్తే చాలు.

ఉదయం 6 గంటలకు ముందు కూర్మన్నపాలెం కూడలిలో నిలబడితే ఈ విషయమంతా కళ్ల ముందే కనిపిస్తుంది. ఉదయం మొదలయ్యే ‘ఏ’ షిఫ్టుకు వెళ్లే ఇద్దరు ఒకే టీ బండి దగ్గర గ్లాసులు పట్టుకుని ఉంటారు. ఇద్దరూ ఉక్కు కర్మాగారం లోపలికే వెళ్తారు, ఇద్దరి బట్టలకూ సాయంత్రానికి అదే దుమ్ము అంటుకుంటుంది. ఒకరు పర్మినెంటు ఉద్యోగి, మరొకరు కాంట్రాక్టు కార్మికుడు. పర్మినెంటు ఉద్యోగికి జ్వరం వస్తే సెలవు ఉంటుంది, కాంట్రాక్టు కార్మికుడికి ఆ రోజు కూలి ఉండదు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ అతని గేట్ పాస్ సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. వ్యవస్థ అంటే ఏమిటో చెప్పడానికి ఈ తేడా కంటే సూటి నిర్వచనం నాకు దొరకలేదు. నష్టం వచ్చిన రోజున దాన్ని ఎవరు మోయాలో ముందే రాసిపెట్టే ఏర్పాటే ఆర్థిక వ్యవస్థ. కింది ప్రశ్నలన్నీ ఆ ఏర్పాటును పైకి తీయడం కోసం పెట్టుకున్నవే.

ముందుగా పేర్లను పక్కన పెట్టండి

పెట్టుబడిదారీ వ్యవస్థా, సామ్యవాదమా, మిశ్రమ ఆర్థిక వ్యవస్థా అని తేల్చడానికి కూర్చుంటే పుస్తకంలో మొదటి పేజీ కూడా నిండదు. రాజ్యాంగ పీఠికలో సామ్యవాదం అనే మాట 1976లో 42వ సవరణతో చేరింది. 1991 జులైలో వచ్చిన బడ్జెట్ మార్కెట్ వైపు తలుపులు తెరిచింది. రెండూ ఇప్పటికీ ఒకే దేశంలో, ఒకే ఊళ్లో పక్కపక్కనే ఉన్నాయి.

విశాఖ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1933లో రేవు తెరిచారు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రైవేటు పెట్టుబడితో మొదలుపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రం తర్వాత ప్రభుత్వ పరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 1957లో విదేశీ కంపెనీ కాల్‌టెక్స్ మొదలుపెట్టిన చమురు శుద్ధి కర్మాగారం 1978లో ప్రభుత్వ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ప్రభుత్వ సంస్థగా ఉన్న హిందుస్థాన్ జింక్ 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది, కొన్నేళ్లకు ఇక్కడి జింకు కర్మాగారం మూతపడింది. అంటే ఒక జీవితకాలంలోనే ఇదే ఊరి కర్మాగారాలు ప్రైవేటు నుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వం నుంచి ప్రైవేటుకు రెండు దిక్కులా ప్రయాణించాయి. ప్రతి మలుపులోనూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: యాజమాన్యం మారిన తర్వాత జీతం, క్వార్టరు, వైద్యం, పిల్లల బడి, ఉద్యోగ భద్రత వీటిలో ఏది మిగిలింది, ఏది పోయింది, ఎవరికి పోయింది?

మార్కెట్టూ ప్రభుత్వమూ ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు శిబిరాలని అనిపిస్తే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లి ఒక పూట గడపండి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఏర్పాటు అది. అక్కడ అమ్మేది రైతు, కొనేది గృహిణి, బేరం వారిద్దరి మధ్యే, కాబట్టి అది మార్కెట్టే. అయితే ఆ స్థలం ప్రభుత్వానిది, రైతు మెడలోని గుర్తింపు కార్డు ప్రభుత్వం ఇచ్చినది, ఆ రోజు వంకాయ కిలో ఎంత అన్నది బోర్డు మీద రాసి ఉంటుంది. అదే వంకాయ బయట తోపుడు బండి మీద ఎంత పలుకుతోందో అడిగి, రెండు ధరలనూ పుస్తకంలో రాసుకోండి. ఆ తేడాలో ఎంత రైతుకు మిగిలింది, ఎంత కొన్నవారికి మిగిలింది, దళారీకి దక్కకుండా పోయినది ఎంత అన్నదే మీ మొదటి పాఠం. మార్కెట్‌కు నియమాలు ఎప్పుడూ ఉంటాయి. అవి ఎవరికి అనుకూలంగా రాశారన్నదే చూడాలి.

కుటుంబాలను ఎంచుకోవడం, మాట కలపడం

మీ వీధిలోనే నాలుగు ఇళ్లు తీసుకుంటే నాలుగూ ఒకేలా ఉంటాయి. అందుకని ఉక్కునగరంలోనో గాజువాకలోనో ఒక పర్మినెంటు ఉద్యోగి కుటుంబం, అదే ప్రాంతంలో ఒక కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం, జాలారిపేటలో ఒక మత్స్యకార కుటుంబం, మధురవాడ వైపు ఒక ఐటీ ఉద్యోగి ఇల్లు, ఆ ఇంట్లో పనిచేసే ఆమె ఇల్లు అన్నట్టు ఎంచుకోండి. వీలైతే ఆర్ కార్డు ఉన్న కుటుంబాన్ని ఒకదాన్ని తప్పక చేర్చండి. ఉక్కు కర్మాగారానికి భూమి ఇచ్చిన నిర్వాసితులకు ఇచ్చిన కార్డు అది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ ఉద్యమం నడిచింది, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి, 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగారం ఎన్నో వేల కుటుంబాలను మధ్యతరగతిలోకి తెచ్చింది. దాని కోసం ఊళ్లు వదిలిన కుటుంబాల్లో కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ఒక తరం గడిపినవారూ ఉన్నారు. ఒకే నిర్ణయపు లాభమూ నష్టమూ వేర్వేరు గడపల్లో పడటం ఈ రెండు కుటుంబాల పుస్తకాలను పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది.

ఇక అడిగే తీరు. కంచరపాలెంలో తొలిసారి ఈ పని చేసినప్పుడు నేను గుమ్మంలో నిలబడే మీ నెల ఆదాయం ఎంతమ్మా అని అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, రేషన్ కార్డు తీసేయడానికి వచ్చారా బాబూ అంది. ఆ భయం ఉన్నచోట వచ్చే జవాబు ఏదీ లెక్కలోకి పనికిరాదు. తర్వాత నుంచి ఖర్చులతో మొదలుపెట్టడం నేర్చుకున్నాను. నిన్న ఏం వండారు, గ్యాసు ఎన్నాళ్లు వస్తుంది, ఆఖరిసారి ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు అని అడుగుతూ పోతే, నాలుగో ప్రశ్నకే ఆ ఇంటి ఆర్థిక స్థితి సగం బయటపడుతుంది. మగవారిని ఒక్కరినే అడిగి రావద్దు. జీతం సంగతి ఆయనకు తెలుస్తుంది, అప్పు సంగతి ఆమెకు తెలుస్తుంది. జాలారిపేటలో అయితే వేట తెచ్చిన చేపలు అమ్ముడుపోయాకనే వెళ్లండి. తట్టలో సరుకు ఉండగా ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

పుస్తకంలో నాలుగు గళ్లు

ప్రతి కుటుంబానికీ ఒక పేజీ కేటాయించి నాలుగు నిలువు గళ్లు గీయండి. పనికి ప్రతిఫలంగా వచ్చినది మొదటి గడిలో, ధర చెల్లించకుండా వచ్చినది రెండో గడిలో, తెలిసో తెలియకో పోయిన పన్నులూ వడ్డీలూ మూడో గడిలో, తెచ్చిన అప్పు నాలుగో గడిలో రాయాలి.

మొదటి గడి తేలికని అనిపిస్తుంది గానీ ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కార్మికుడి జీతం నెలకు 15,000 రూపాయలు, భవిష్య నిధి (పీఎఫ్), ఉద్యోగుల ఆరోగ్య బీమా (ఈఎస్ఐ) ఉన్నాయి. పీఎఫ్ కింద 12 శాతం అంటే 1,800, ఈఎస్ఐ కింద 0.75 శాతం అంటే సుమారు 113 రూపాయలు పోగా చేతికి 13,087 వస్తుంది. పక్కనే ఇంకొకరు ఏ కార్డూ లేకుండా రోజుకు 600 చొప్పున 24 రోజులు పనిచేసి 14,400 తెచ్చుకుంటున్నారు. చేతికి వచ్చిన డబ్బు చూస్తే రెండో మనిషిదే మెరుగైన పని. అయితే మొదటి మనిషి పేరిట యజమాని మరో 1,800 పీఎఫ్‌కు, 3.25 శాతం చొప్పున సుమారు 488 ఈఎస్ఐకి కడుతున్నాడు. కాబట్టి ఆ ఉద్యోగం అసలు విలువ 17,288 రూపాయలు. అంతేకాదు, అర్హత దినాలు పూర్తయిన కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఈఎస్ఐ నుంచి వస్తుంది. రెండో మనిషి కాలు విరిగిన రోజున ఈ తేడా అంకెల్లోంచి ఇంట్లోకి వస్తుంది. మనదేశంలో పనిచేసేవారిలో అత్యధికులు ఈ రెండో మనిషి కోవలోనే ఉన్నారు. వ్యవస్థను అర్థం చేసుకునేటప్పుడు కూలి రేటు కంటే ముందు పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని అడగడానికి కారణం అదే.

రెండో గడిలో ఏదీ చిన్నది కాదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డులో ఉన్న మనిషికి నెలకు 5 కిలోల బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగా వస్తున్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిన నాటి నుంచీ తెలుగు ఇళ్లలో ఈ గడి ఖాళీగా లేదు. బడిలో మధ్యాహ్న భోజనం, వృద్ధాప్య పింఛను, 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం, ఇవన్నీ బయట కొనుక్కుంటే ఎంతవుతుందో ధర కట్టి రాయండి. అచ్యుతాపురం వైపు పనికి వెళ్లే మహిళ బస్సు ఛార్జీ మిగిలితే ఆ డబ్బు దేనికి వెళ్లిందో కూడా అడగండి. ఆ డబ్బు పిల్లల ట్యూషన్‌కు వెళ్లిందా, పాత అప్పుకు వెళ్లిందా అన్నదాన్ని బట్టి అది ఆ కుటుంబ భవిష్యత్తును మార్చిందా, నిన్నటి గుంతను పూడ్చిందా అన్నది తేలుతుంది. ఇటువంటి పథకాలను తాయిలాలని కొట్టిపారేసేవారు, అవే సర్వస్వమని మురిసిపోయేవారు, ఇద్దరూ ఈ పని చేసి చూడాలని నా కోరిక.

మూడో గడి కనపడని గడి. మేము పన్నేమీ కట్టం అని పనిమనిషి అంటుంది. ఆమె మాట నిజం కాదు. 299 రూపాయల సెల్ రీఛార్జిలో 18 శాతం జీఎస్టీ ఇమిడి ఉంది. 299ను 118తో భాగించి 18తో గుణిస్తే సుమారు 45 రూపాయల 60 పైసలు వస్తుంది. ఆమె ఇల్లు ఊడ్చే ఫ్లాటులోని ఇంజనీరు కూడా అదే రీఛార్జికి అదే 45 రూపాయల 60 పైసలు కడతాడు. నెలకు 12,000 వచ్చే ఆమె ఆదాయంలో అది 0.38 శాతం, 1,20,000 వచ్చే ఆయన ఆదాయంలో 0.038 శాతం. ఆదాయపు పన్ను సంపాదన పెరిగేకొద్దీ పెరుగుతుంది. వస్తువు ధరలో దాక్కున్న పన్ను మాత్రం సంపాదన తగ్గేకొద్దీ బరువెక్కుతుంది. ఒక ప్రభుత్వం తన రాబడిలో ఎంత భాగాన్ని మొదటి దారిలో, ఎంత భాగాన్ని రెండో దారిలో తెచ్చుకుంటోందన్నది అసమానతను నేరుగా తాకే నిర్ణయం. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, టూత్‌పేస్టు వంటి ఇంటి సరుకుల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ తేదీకి ముందు, తర్వాత బిల్లులు దాచుకున్న ఇల్లు ఏదైనా దొరికితే తగ్గింపు కొనుగోలుదారు దాకా వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

నాలుగో గడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. మిగతా మూడు గళ్లలో వ్యవస్థ చేసిన లోపాలన్నీ చివరకు ఇక్కడికే వచ్చి చేరతాయి. నూటికి 3 రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీ అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే మొత్తం ఏడాదికి 12 శాతం మీద దొరికిన కుటుంబానికి వడ్డీ 6,000. ఒకే ఊళ్లో, ఒకే అవసరానికి, ఒకే మొత్తానికి 12,000 రూపాయల తేడా. తాకట్టు పెట్టడానికి బంగారమో, జీతం చీటీయో ఉన్నవారికి డబ్బు చవక, ఏమీ లేనివారికి ప్రియం. డ్వాక్రా సంఘాల అప్పు ఈ అంతరాన్ని కొంత తగ్గించింది. కాబట్టి ప్రతి అప్పుకూ ఎవరిచ్చారు, ఎంత వడ్డీ, దేనికోసం అని మూడు వివరాలు రాయండి. దేనికోసం అన్నచోట ఆసుపత్రి, పెళ్లి, ఫీజు, బోటు ఇంజను, పాత అప్పు అని ఏ మాట వచ్చినా, ఆ మాట వెనుక ప్రభుత్వం గానీ యజమాని గానీ మోయవలసిన భారం ఇంటి మీదికి ఎంత జారిందో ఆలోచించండి.

అసమానతను చేతితో లెక్కకట్టడం

కొర్రాడో గిని అనే ఇటలీ గణాంకవేత్త 1912లో ప్రతిపాదించిన గిని సూచిక పేరు పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. అందరి ఆదాయమూ సమానమైతే సున్నా, మొత్తం ఒక్కరి దగ్గరే ఉంటే దాదాపు ఒకటి. దీన్ని కాగితం మీదే కట్టవచ్చు. మన ఐదు కుటుంబాల నెల ఆదాయం వేలల్లో 10, 14, 18, 38, 120 అనుకుందాం. మొత్తం 200. తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, అలా ఐదోదాన్ని 5తో గుణించి కూడితే 844 వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే 1,688. కుటుంబాల సంఖ్యను మొత్తం ఆదాయంతో గుణించిన 1,000తో భాగిస్తే 1.688. కుటుంబాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 6ను, 5తో భాగిస్తే 1.2. దాన్ని 1.688 లోంచి తీసేస్తే 0.488 మిగులుతుంది. ఇదే మన ఐదిళ్ల ఆదాయ గిని.

ఇప్పుడు అవే కుటుంబాల ఖర్చును తీసుకోండి: 9, 13, 16, 27, 55. అదే పద్ధతిలో కడితే 0.353 వస్తుంది. మనుషులు మారలేదు, అంతరం మాత్రం గణనీయంగా తగ్గినట్టు కనిపిస్తోంది. సంపన్నులు తమ సంపాదన అంతా ఖర్చు చేయరు కాబట్టి ఖర్చుల గిని సాధారణంగా చిన్నదే. ఈ సంగతి తెలియకపోతే వార్తల్లో మోసపోతాం. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో గ్రామీణ గిని 0.237, పట్టణ గిని 0.284. ఇవి ఖర్చుల లెక్కలు. వేరే దేశపు ఆదాయ గిని పక్కన వీటిని పెట్టి మనమే ఎక్కువ సమానంగా ఉన్నామనడం, చెరువు లోతును ఒకచోట మూరల్లో, ఇంకోచోట అడుగుల్లో కొలిచి పోల్చడం లాంటిది. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు 2024లో వేసిన అంచనా ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న 1 శాతం మంది దగ్గరే ఉంది. ఖర్చు, ఆదాయం, సంపద అని మూడు వేర్వేరు అద్దాలున్నాయి. ఎవరైనా ఒక అంకె చెబితే అది ఏ అద్దంలోదో ముందు అడగండి.

మన ఉదాహరణలో సగటు ఆదాయం 40,000. ఐదిళ్లలో నాలుగు ఆ సగటుకు కిందే ఉన్నాయి. మధ్యలో నిలిచిన ఇంటి ఆదాయం 18,000 మాత్రమే. సగటు పెరిగిందంటే ఊరు బాగుపడిందని అనుకోవడానికి ముందు మధ్య ఇంటిని చూడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. బస్తీలో తలుపులు తెరిచి ఉంటాయి, బీచ్ రోడ్డు అపార్టుమెంటులో వాచ్‌మన్ దగ్గరే మన సర్వే ఆగిపోతుంది. పెద్ద సర్వేలకూ ఇదే ఇబ్బంది. పైవారి లెక్క ఎప్పుడూ కొంత తక్కువగానే దొరుకుతుంది.

సంపద సంగతి విశాఖలో భూమి దగ్గర తెలుస్తుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రుషికొండ ఐటీ కొండ మీద సుమారు 21 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు టీసీఎస్‌కు కేటాయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ ఏఐ కేంద్రం, డేటా సెంటర్లు పెడతామని ప్రకటించింది. ఇవి మంచివా చెడ్డవా అని వాదించడానికి ముందు మధురవాడలో రెండు ఇళ్లను పుస్తకంలోకి ఎక్కించండి. ఒకరికి పాత స్థలం ఉంది, ఇంకొకరు అద్దెకు ఉంటున్నారు. ప్రకటన వచ్చాక మొదటివారి ఆస్తి విలువ వాళ్లు వేలు కదపకుండానే పెరుగుతుంది, రెండోవారి అద్దె పెరుగుతుంది. కొత్త ఉద్యోగం అద్దె ఇంటి పిల్లవాడికే వచ్చినా జీతంలో ఒక భాగం తిరిగి స్థలం ఉన్నవారి దగ్గరికే నడుస్తుంది. ప్రభుత్వ నిర్ణయం వల్ల పెరిగిన భూమి విలువలో ఎంత తిరిగి మంచినీటికీ, బస్సుకూ, బడికీ వస్తోందన్నది వ్యవస్థకు సంబంధించిన ప్రశ్న. అందుకే అద్దె రసీదులను ఏడాదికోసారి చూసి రాయమంటున్నాను.

బాగోగులు డబ్బులోనే లేవు

1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మహబూబుల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ ఆలోచనల అండతో మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. ఆదాయంతోపాటు ఆయుర్దాయాన్నీ చదువునూ కలిపి చూడాలన్నది దాని సారం. మనం ఇంటి స్థాయిలో ఇంకా కొంచెం లోతుకు వెళ్లవచ్చు. పనికి వెళ్లిరావడానికి ఎన్ని గంటలు పడుతుంది, రాత్రి ఎన్ని గంటల నిద్ర, నెలలో ఎన్నిసార్లు చేప గానీ మాంసం గానీ వండారు, మేస్త్రీ తిడితే తిరిగి మాట్లాడి పనిలో నిలబడగలరా? ఈ చివరి ప్రశ్న అసంబద్ధమని కొందరు అంటారు. నా లెక్కలో అదే ముఖ్యమైనది. రేపటి కూలి మీదే ఇల్లు నడిచేవారికి వద్దు అనే మాట అందుబాటులో ఉండదు. మూడు నెలల ఖర్చు దాచుకున్నవారికి ఉంటుంది.

వైద్యం విషయంలో మాత్రం ఒక్కో అంకెనూ జాగ్రత్తగా రాయండి. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషను కోసం పొలం అమ్ముకునే పరిస్థితి చాలా ఇళ్లలో తప్పింది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల పథకం. నెలనెలా కొనే షుగరు, బీపీ మాత్రలు, స్కానింగు, ఆటో ఖర్చు, తోడు వెళ్లినవారి పోయిన కూలి కుటుంబం లెక్కలోనే ఉంటాయి. 1923 నుంచి ఉన్న ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) వరండాలో ఒక ఉదయం కూర్చుంటే శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ, పాడేరు ఏజెన్సీ నుంచీ వచ్చినవారు కనిపిస్తారు. రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో మోసుకొచ్చిన రోగికి ఉచిత వైద్యం అన్నమాట కొండ దిగాకే మొదలవుతుంది. హక్కు కాగితం మీద ఉండటానికీ చేతికి అందడానికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలోనూ, పోయిన పనిదినాల్లోనూ కొలవండి.

ఇతర దేశాలతో పోల్చేటప్పుడు

ఇంటి లెక్క తేలాక దేశాలను చూడటం తేలికవుతుంది. సోవియట్ వ్యవస్థ కూలిన తర్వాత రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం దాదాపు 64 ఏళ్ల నుంచి 1994 నాటికి 58 ఏళ్ల లోపుకు పడిపోయింది. ఉద్యోగం, వైద్యం, పింఛను ఒక్కసారిగా పట్టు తప్పినప్పుడు జరిగే నష్టం డబ్బు లెక్కలకు అందదు. బ్రిటన్ 1948లో అందరికీ వైద్యసేవను జాతీయ బాధ్యతగా తీసుకుంది, అది మార్కెట్ ఆర్థిక వ్యవస్థ ఉన్న దేశమే. అమెరికా తన ఉత్పత్తిలో దాదాపు 17 శాతం వైద్యానికి ఖర్చు చేస్తున్నా, అక్కడివారు జపాన్ వారికంటే తక్కువ కాలం బతుకుతున్నారు. చైనాలో మార్కెట్ సంస్కరణల తర్వాత దాదాపు 80 కోట్ల మంది తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారు, అదే కాలంలో అంతరాలూ బాగా పెరిగాయి. స్కాండినేవియా దేశాల్లో అసమానత తక్కువగా ఉండటంలో పన్నులదీ, ప్రభుత్వ సేవలదీ పెద్ద పాత్ర. పన్నుకు ముందు గిని, పన్ను తర్వాత గిని అని రెండింటినీ అడిగితేనే ఆ పాత్ర కనిపిస్తుంది.

కారణాన్ని తేల్చే తొందర మాత్రం వద్దు. ఉక్కు కర్మాగారం వల్లే గాజువాక ఎదిగిందని మనం సులువుగా అనేస్తాం. రేవు, జాతీయ రహదారి, షిప్‌యార్డు అప్పటికే ఉన్నాయి. కర్మాగారం రాకపోయినా కొంత ఎదుగుదల ఉండేదేమో. ఎంత అన్నది తెలియాలంటే అదే కాలంలో రేవు ఉండి ఉక్కు లేని మరో ఊరిని పక్కన పెట్టుకోవాలి. అలాగే 2021 జనవరిలో కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించడం, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించడం రెండూ పెద్ద వార్తలే. మీ పుస్తకంలో మాత్రం ఆ నెలల్లో కాంట్రాక్టు కార్మికుడి పనిదినాలు ఎన్ని, టౌన్‌షిప్ బయట టిఫిను దుకాణం బేరం ఎంత అన్నవి ఉండాలి.

రెండోసారి ఎప్పుడు వెళ్లాలి

ఒక్కసారి వెళ్లి రాసినది ఫొటో లాంటిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం సముద్రానికీ మత్స్యకారులకూ అవసరమే. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కాలానికి ఇచ్చే భృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. 61 రోజులకు పంచితే రోజుకు సుమారు 328 రూపాయలు. బోటు మీద వెళ్లే కళాసీకి భృతి వస్తుంది. హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే ఆమెకూ, ఐసు కొట్టేవారికీ, వలలు బాగుచేసేవారికీ పని అదే రోజున ఆగిపోతుంది గానీ వారి పేరు ఆ జాబితాలో ఉందా లేదా అన్నది ఇంటింటా అడగవలసిందే.

కాబట్టి మార్చిలో ఒకసారి, మే చివర ఒకసారి, వేట మళ్లీ మొదలయ్యాక జూన్ ఆఖరి వారంలో ఒకసారి అవే ఇళ్లకు, అవే ప్రశ్నలతో వెళ్లండి. మూడోసారి వెళ్లినప్పుడు నాలుగో గడినే ముందు నింపండి. మే నెలలో నూటికి 3 రూపాయలకు తెచ్చిన అప్పు మొదటి రెండు వేటల డబ్బుతో తీరిందా, లేక డీజిలు, ఐసు ఖర్చు పోగా కళాసీ వాటాకు వచ్చినదంతా వడ్డీకే వెళ్లిందా అన్నది అప్పుడు తెలుస్తుంది. వెళ్లేముందు ఆ కుటుంబం పేజీకి ఒక నకలు రాసి తీసుకెళ్లి ఆ ఇంటి ఆమె చేతికి ఇవ్వండి. జాలారిపేటలో ఒకామె ఆ కాగితం చూసి, తను చెప్పిన వడ్డీల్లో ఒకటి తప్పు పడిందని వేలు పెట్టి చూపించింది, నేను 3 అని రాసుకున్నచోట 5 ఉండాలట.